జర చదివి పెట్టు బిడ్డా

పోయిన ఏడాది ఏప్రిల్ 23న, బడి చివరి రోజు, మా బాబు బ్యాగులోంచి నలిగిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పది గడుల పట్టిక. ఒక్కో గడిలో పుస్తకం పేరు, రాసినవారి పేరు, కథలోని నీతి, తల్లి లేదా తండ్రి సంతకం. జూన్ 12న బడి తెరిచేసరికి పదీ నిండాలి. మా పాపదీ అదే బడి, ఆమెకి పదిహేను గడులు. వాడు అప్పుడే నాలుగో తరగతి ముగించాడు, ఆమె తొమ్మిదో తరగతి.

పాప రెండు సాయంత్రాల్లో పదిహేనూ నింపేసింది, ఒక్క పుస్తకమూ తెరవకుండా. ఫోన్‌లో కథల సారాంశాలు వెతికి, నీతులు తనే అల్లుకుంది. ఇదేంటని అడిగితే "టీచర్ చదవదు మమ్మీ, సంతకం ఉందా లేదా చూస్తది అంతే" అంది.

బాబు మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు. ఇంగ్లీష్ పుస్తకం ఇస్తే గడగడా చదువుతాడు, ఏం అర్థమైందని అడిగితే నా మొహం చూస్తాడు. తెలుగైతే వింటే అంతా అర్థమవుతుంది గానీ పేజీ మీద అక్షరాలు కదలవు. 'చెట్టు' అన్న మాట బొమ్మ చూసి చెప్తాడు. బొమ్మ లేని చోట వత్తు మింగేసి ముందుకు పోతాడు. మూడో రోజు పక్క దులుపుతుంటే ఆ కాగితం పరుపు కింద దొరికింది. తొమ్మిదేళ్ల పిల్లాడు దాచుకోవాల్సినంత సిగ్గు పుస్తకాల వల్ల వచ్చిందంటే, తప్పు వాడిది కాదని ఆ రోజే అనిపించింది.

సెలవుల్లో పిల్లల చదువు గురించి ఎక్కడ విన్నా రెండే లెక్కలు. ఏ వయసుకి ఏ పుస్తకం, రోజుకి ఎన్ని పేజీలు. నాలుగేళ్లకి బొమ్మలు, తొమ్మిదేళ్లకి కథలు, పద్నాలుగేళ్లకి నవలలు. అవి పనికిరావని అనను. కానీ ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. ఆ పిల్ల చదివితే వినడానికి ఎవరున్నారు? ఆ చదువు ఎవరికి కావాలి? బడిలో వయసు ప్రకారం విడదీసి కూర్చోబెడతాం. వేర్వేరు వయసుల పిల్లలు, ముసలివాళ్లు ఒకే కప్పు కింద రోజంతా కలిసి ఉండేది ఏడాదిలో ఈ నెలన్నర మాత్రమే. ఒకరు ఇంకొకరికి చదివి పెట్టే పని ఈ నెలన్నరలో మొదలైతే, గడులూ సంతకాలూ అక్కర్లేదని నా నమ్మకం. ఇది నాకు పోయిన ఎండాకాలం మా తల్లిగారింట్లో తెలిసింది. నిజానికి 30 ఏళ్ల కిందే, ఆ ఇంటి గోడ పక్కనే తెలిసింది. మర్చిపోయాను.

దుబాయ్ ఉత్తరాలు

పరకాల దగ్గర మాది చిన్న ఊరు. పక్కింటి అక్క భర్త దుబాయ్‌కి కట్టడం పనికి పోయాడు. నెలకో, నెలన్నరకో ఉత్తరం వచ్చేది, అంచులకి ఎరుపు నీలం గీతలున్న కవర్‌లో. అక్కకి చదువు రాదు. ఆయనకీ రాదు, అక్కడ ఆయన గదిలో ఉండే జగిత్యాల మనిషెవరో రాసిపెట్టేవాడు. రాసే చెయ్యి ఆయనది కాదు, చదివే కళ్లు ఆమెవి కావు. మధ్యలో నేను, ఐదో తరగతి పిల్లని. "జర చదివి పెట్టు బిడ్డా" అని గోడ మీంచి పిలిచేది. దర్వాజ దగ్గరికి వేసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చునేది.

మొదటి ఉత్తరానికి నాకు చెమటలు పట్టాయి. ఆ రాసే మనిషిది గొలుసు రాత, వత్తు ఎక్కడో అక్షరం ఎక్కడో. నేను తడబడితే అక్క తిట్టేది కాదు, నా మొహంలోకి చూస్తూ ఆగేది. 2500 డ్రాఫ్టు పంపుతున్నా అన్న చోట తప్పు చదివితే ఆమె నెల లెక్క తప్పుతుంది. 'జ్వరం తగ్గింది' అన్నది 'తగ్గలేదు' అని చదివితే ఆమెకి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, ఆమె కూర్చున్న తీరు చూస్తే తెలిసేది. అంత జాగ్రత్తగా నేను పరీక్షలో కూడా చదవలేదు.

ఒకసారి అయ్యాక మళ్లీ చదవమనేది. మరునాడు పిలిచి మళ్లీ. మూడోసారికి ఆమెకి అంతా నోటికి వచ్చేసేది. ఆటకి పోయే తొందరలో నేనో వాక్యం వదిలేస్తే "పిల్లలను బడికి తోలు అన్నది ఎటు పోయింది?" అని పట్టుకునేది. అక్షరం రాని మనిషి నా చదువులో తప్పు పట్టేది! అక్షరాలు నాకు బడి నేర్పింది. చదవడం మాత్రం ఆ నులక మంచం మీద వచ్చింది.

కాకి రాలేదు

పోయిన ఎండాకాలం అందరం అక్కడే చేరాం. మా ఇద్దరు, చెల్లె కూతురు నాలుగేళ్లది, అన్న కొడుకు పన్నెండేళ్లవాడు. పొద్దున పిల్లలు ఇంట్లో ఉండరు, ఉండాలని నేను కోరుకోను కూడా. మామిడి తోట, బాయి, ముంజలు, సాయంత్రం క్రికెట్. ఆ ఆటలు మాన్పించి పుస్తకం పట్టించేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. కానీ మా దగ్గర మే నెలలో 12 నుంచి 4 దాకా బయట కాలు పెట్టలేం. 43, 44 డిగ్రీలు. తలుపులు వేసుకుని, కూలర్ ముందు అందరూ ఒకే అర్రలో పడి ఉండాల్సిందే. ఆ నాలుగు గంటలనీ ఫోన్ మింగుతుంది. అందులో ఒక అరగంట గురించే నా మాటలన్నీ.

చెల్లె కూతురు వెంట ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుంది. మెడలో గంట పోగొట్టుకున్న మేకపిల్ల కథ. 16 పేజీలు, పేజీకి ఒకటో రెండో వాక్యాలు. ఓ మధ్యాహ్నం అది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా చేతులు మామిడికాయ తొక్కులో ఉన్నాయి. "అన్నతోని చదివించుకో పో" అన్నాను. ఏదో ఆలోచించి అన్న మాట కాదు, చెయ్యి ఖాళీ లేక అన్నాను.

మా వాడు ముందు అటూ ఇటూ చూశాడు, పెద్దోడు గమనిస్తున్నాడా అని.

"అది చిన్నపిల్లల బుక్కు."

"నేను చిన్నపిల్లనే కద."

ఆ మాటకి వాడి దగ్గర జవాబు లేదు. వాడు ఎల్‌కేజీ పుస్తకం చదువుతున్నాడని ఇక ఎవరూ అనలేరు, చెల్లెకి చదివి పెడుతున్నాడంతే. నేను ఆవాలపొడి కలుపుతూ వింటున్నాను. మేకపిల్ల 'గుట' ఎక్కింది అని చదివాడు. చిన్నది "గుట ఏంది?" అంది. బొమ్మ మీద వేలు పెట్టి "ఇది గుట్ట" అని చెప్పింది. వాడు వంగి చూశాడు. అక్షరం కింద వేలాడుతున్న ఆ చిన్న 'ట' వాడికి అప్పుడు కనబడింది. "గుట్ట ఎక్కింది" అని మళ్లీ మొదటి నుంచి చదివాడు. అదే తప్పు నేను దిద్ది ఉంటే వాడు పుస్తకం మూసేసేవాడు. ఎన్నోసార్లు మూశాడు కూడా.

ఆ కథ రోజుకి రెండు మూడుసార్లు నడిచింది. నాలుగో రోజుకి వాడి నోట్లో మాటలు ముక్కలుగా రావడం తగ్గింది. కాకి గొంతు, మేకపిల్ల గొంతు వేరు చేసి చదవడం మొదలుపెట్టాడు. ఒకరోజు బయట బ్యాట్ చప్పుడు వినబడి, తొందరలో రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. చిన్నది ఒక్కసారిగా అరిచింది. "కాకి రాలేదు! కాకి రావాలె!" కాకి వచ్చి గంట ఎక్కడుందో చెప్పే పేజీ అది. వాడు విసుక్కుంటూ వెనక్కి తిప్పి చదివాడు. నాకు గోడ అవతల అక్క గొంతు విన్నట్టయింది.

ఇంకో సంగతి. వాడు హనుమకొండ నుంచి ఇంగ్లీష్ కథల పుస్తకాలు నాలుగు తెచ్చుకున్నాడు. వాటిలో ఒకటి తీసి చదవబోతే చిన్నది రెండో వాక్యానికే లేచి పోయింది. దానికి ఇంగ్లీష్ రాదు. బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో తెలంగాణలో చట్టం వచ్చింది, నేను సంతోషించిన చట్టం. అది మా వాడికి తెలుగు పీరియడ్ ఇచ్చింది, మార్కులు ఇచ్చింది. తెలుగు చదవక తప్పని అవసరం మాత్రం ఈ నాలుగేళ్ల పిల్ల తెచ్చింది.

ముందు మిర్చి, తర్వాత క్రికెట్

పన్నెండేళ్లవాడికి కథ అంటేనే చిన్నతనం. ఆ వయసులో చాలామంది పిల్లల చేతిలోంచి పుస్తకం జారిపోవడం చూశాను. వాణ్ణి చదివించాలని నేను ప్రయత్నం కూడా చేయలేదు. చదివించింది మా బాపు.

బాపుకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని కూర్చునేవాడు. పేపర్ లేకపోతే ఆయనకి పొద్దు గడవదు. మనవణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వాడు ఐపీఎల్ పేజీ ముందు అన్నాడు, ఈయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు ముందు అన్నాడు. బేరం తెగి, ముందు మిర్చి తర్వాత క్రికెట్ అని ఒప్పందం అయింది. తేజ, వండర్ హాట్, 341 అని మిర్చి రకాల ధరలు వాడు రోజూ చదివేవాడు. వారం తిరక్కముందే క్వింటా అంటే ఎంత, మన కల్లంలో ఎన్ని క్వింటాలు, కూలీలకి ఎంత పోయింది అని అడగడం మొదలుపెట్టాడు.

బాపు ఆపరేషన్‌కి ముందే ఒక వార్త కత్తిరించి దాచుకున్నాడు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వార్త. టమాటాలాగా గుండ్రంగా, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే కాయ. బాపు యవ్వనంలో వేసిన పంట. దాన్ని వాడితో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. 'భౌగోళిక' దగ్గర వాడు మూడుసార్లు పడ్డాడు. "అంటే ఏంది తాతా?" అంటే, "మన నేల పేరు మీద రాసిచ్చిన్రు. ఇంకోడు యాడనో పండించి గా పేరు పెట్టుకోవద్దు" అన్నాడు. వాడు ఆ ముక్క ఇంకోసారి చదివాడు, ఈసారి ఎవరూ అడగకుండానే.

వాడు పుస్తకాల పురుగు అయ్యాడని నేను చెప్పను. కరీంనగర్ పోయాక పేపర్ చదువుతున్నాడట, అదీ వెనక పేజీ నుంచి. నాకు అది చాలా పెద్ద సంగతిగానే కనిపిస్తుంది.

నాకెవరు చదివి పెడ్తరు?

ఇదంతా చూసి నాకు ఉత్సాహం ఎక్కువైంది. పాపతో, "నువ్వు కూడా చిన్నదానికి ఒక కథ చదివి పెట్టు" అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

"తమ్ముడు చదివితే మెచ్చుకుంటవ్. నేను చదివితే చిన్నదాన్ని ఎత్తుకున్నట్టే, అది ఇంటి పని. నాకెవరు చదివి పెడ్తరు?"

నిజం. మన ఇళ్లలో చిన్నపిల్లల్ని చూసుకునే బరువు ఎప్పుడూ పెద్దాడపిల్ల మీదే పడుతుంది. 'పెద్దవాళ్లు చిన్నవాళ్లకి చదివి పెట్టాలి' అని నేను గొప్పగా చెప్తే, చాలా ఇళ్లలో అది ఆ పిల్లకి ఇంకో చాకిరీ అవుతుంది. పైగా ఆమె పదో తరగతిలోకి పోతోంది. ఎటు చూసినా టెన్షనే. నా వాదనలో ఇంత పెద్ద చిల్లు ఉందని పద్నాలుగేళ్ల పిల్ల చూపించింది.

ఇంకోటి కూడా నేను చూడలేదు. రాత్రి దుప్పటి కింద ఆమె ఫోన్‌లో చదివేది కథలేనట. ఇంగ్లీష్‌లో, వారం వారం కొత్త భాగం వచ్చే సీరియల్ కథలు. నేను దాన్ని ఫోన్ చూడడం కింద లెక్కేసి తిట్టాను. అది చదువే. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం మీద మాకు ఇప్పటికీ గొడవే, ఆ గొడవ నేను మానను. కానీ 'నువ్వు ఏమీ చదవవు' అన్న మాట వెనక్కి తీసుకున్నాను, ఆమె ముందరే.

ఆ రాత్రి దాబా మీద పడుకున్నాం. కరెంటు పోయింది. అమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన పాత వారపత్రిక పట్టుకుని, ఫోన్ టార్చ్ వెలుగులో ఒక కథ పైకి చదవడం మొదలుపెట్టాను. పాప అటు తిరిగి పడుకుంది. రెండు పేజీలయ్యాక దోమ కుట్టి ఆగాను. "ఆపినవేంది?" అంది అటు తిరిగే. మరుసటి రాత్రి నాకు గొంతు బాగాలేదంటే తనే అందుకుంది. తెలియని పాత మాటలు వస్తే పక్క మంచం మీంచి అమ్మ చెప్పింది.

పిల్లలకి చదవడం వచ్చిన రోజే మనం వాళ్లకి చదివి పెట్టడం ఆపేస్తాం. అన్నం కలుపుకోవడం వచ్చిందని పక్కన కూర్చుని తినడం మానేస్తామా? చదివి పెట్టేవాళ్లందరికీ తిరిగి చదివి పెట్టే మనిషి ఒకరుండాలి. అప్పుడే ఇది చాకిరీ కాకుండా ఉంటుంది.

నాకు ఎదురు నిలిచే మాటలు

అమెరికాలోని ఫ్లోరిడాలో అలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే పరిశోధకులు పేద కుటుంబాల పిల్లలకి వరసగా మూడు వేసవులు, ఏటా 12 పుస్తకాలు ఇచ్చారు. పుస్తకాలు ఎంచుకున్నది ఆ పిల్లలే. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. పుస్తకాలు అందిన పిల్లలు చదవడంలో అందనివాళ్ల కన్నా ముందున్నారు. పక్కన కూర్చుని వినే మనిషిని వాళ్లకి ఎవరూ ఏర్పాటు చేయలేదు. నచ్చిన పుస్తకం చేతికి వస్తే చాలు, వినేవాళ్లు లేకపోయినా పిల్లలు చదువుతారని దీని అర్థం. నా మాటకి ఇది ఎదురే, కాదనను. కానీ ఆ పిల్లల ముందు ఎంచుకోవడానికి పుస్తకాలు పరిచి పెట్టారు. మన దగ్గర ఏవి?

జూన్ మొదట్లో హనుమకొండ వచ్చాక పిల్లలిద్దర్నీ మాకు దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి తీసుకుపోయాను. మొదటిసారి పోయింది శుక్రవారం, సెలవు. మరునాడు పోతే హాలు నిండా గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదివే యువకులు, అమ్మాయిలు. ఇంట్లో చోటు లేక వచ్చేవాళ్లు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పిల్లల పుస్తకాల అల్మారా మూలకి ఉంది, తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన లీవులో ఉన్నాడన్నారు. మా వాడు అద్దానికి ముక్కు ఆనించి లోపలి అట్టల మీది పేర్లు ఒక్కొక్కటీ చదివాడు, పైకి. ఒకాయన తలెత్తి గోడ మీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు చూపించాడు.

మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఆ డబ్బులో పిల్లలకీ వాటా ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1904లోనే, ఇదే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. బడి ఇవ్వని తెలుగుని బడి బయట దొరికేలా చేయడానికి మన పెద్దలు పడ్డ పాట్లు అవి. ఇప్పుడు బడిలో తెలుగు ఉంది, మా వాడిలాంటి పిల్లలకి ఆ తెలుగు చదవడం రావడం లేదు. మళ్లీ బడి బయటే ఏదో జరగాలి. నేను కోరేది పెద్దది కాదు. మే నెలలో ఆ అల్మారా తెరిచి ఉంచడం, నిశ్శబ్దం బోర్డుకి దూరంగా వరండాలో ఒక చాప వేయడం. పిల్లలు ఒకరికొకరు చదువుకుంటారు.

అమ్మమ్మ ఊరు లేని పిల్లల మాటేమిటి, అమ్మా నాన్నా ఇద్దరూ డ్యూటీకి పోయే ఇంట్లో ఒక్కడే పిల్లాడుంటే ఎవరికి చదవాలి అని నా స్నేహితురాలు అడిగింది. పూర్తి జవాబు నా దగ్గర లేదు. పక్కింట్లో చిన్నపిల్ల ఉండొచ్చు, ఫోన్ అవతల నానమ్మ ఉండొచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. సర్కారు బడి పాత పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్ ఉంటాయి, వీధిలో ఎవరింట్లోనైనా ఒకటి దొరుకుతుంది. పుస్తకం కన్నా వినే చెవి దొరకడమే కష్టం. ఆఫీసు నుంచి వచ్చి వంట చేస్తూ వినే పది నిమిషాలు కూడా ఒక్కోరోజు నాకు దొరకవు.

జూన్ 12న వాడి కాగితంలో రెండు గడులే నిండాయి. మొదటి గడిలో మేకపిల్ల పుస్తకం. నీతి అన్న చోట 'గంట దొరికింది' అని రాశాడు, 'ట' కొంచెం పెద్దగా. సంతకం చోట నీలం క్రేయాన్‌తో పిచ్చిగీతలు. నన్ను ఎందుకు అడగలేదంటే "విన్నది చెల్లె కద" అన్నాడు. ఎనిమిది గడులు ఖాళీ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. సర్దుదామంటే వద్దన్నాడు, అలాగే ఉంచాం.

మొన్న ఆదివారం చెల్లె ఫోన్ చేసింది. చిన్నదానికి ఐదేళ్లు నిండాయి, గుణింతాలు వచ్చాయట. ఫోన్ లాక్కుని అడిగింది, "పెద్దమ్మా, ఎప్పుడొస్తరు? ఈసారి అన్నకి నేను చదివి పెడ్త."